లాడపు మేకు

మా లోయలో గొర్రెలు ఈనే రోజుల్లో ఎవరికి ఏ ఆపద వచ్చినా బ్లైన్‌నాంట్ దొడ్డి గ్వెర్విల్‌కే కబురు పెడతారు. అడ్డం తిరిగిన పిల్లను కడుపులోనే సర్ది బయటికి తియ్యడంలో ఆమె చేతికి సాటి లేదు. అరవై దాటినా వానలో తడుస్తూ వస్తుంది, పని చేసిపెడుతుంది, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోతుంది. ఒక్క పని మాత్రం చచ్చినా చెయ్యదు. పిల్ల పోయిన గొర్రెకు తల్లి పోయిన పిల్లను అంటగట్టే పని.

అది మాకు బొడ్డూడని పిల్లలకు కూడా తెలిసిన విద్యే. పరాయి పిల్లను ఊరికే తీసుకెళ్ళి పొదుగు కింద పెడితే గొర్రె ఒప్పుకోదు. వాసన చూసి తన్ని తరిమేస్తుంది. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి అనాథపిల్లకు చొక్కాలా తొడుగుతారు. గొర్రె ఆ వాసన పట్టి, తన బిడ్డే లేచొచ్చిందనుకుని పాలు చేపుతుంది. నాలుగు రోజులయ్యాక తోలు తీసేసినా ఇబ్బంది లేదు, అప్పటికి తన పాల వాసనే పిల్లకు పట్టి ఉంటుంది. రెండు ప్రాణాలు నిలబడే పని కాబట్టి ఇందులో పాపం ఎవరికీ కనబడదు. మా ప్రార్థన మందిరం పాస్టరు గారి దొడ్లోనూ ఇదే చేస్తారు. గ్వెర్విల్ మాత్రం "సీసాతో పట్టండి" అంటుంది.

"గంటకోసారి లేచి సీసా ఎవరు పడతారు పెద్దమ్మా, నువ్వొచ్చి పడతావా?" అని ఎవరైనా ఎకసెక్కమాడితే, "ఇలా తే" అని పిల్లను శాలువాలో చుట్టుకుని తన ఇంటికే మోసుకుపోతుంది. ముసలిదానికి చాదస్తం అని మేమంతా నవ్వుకునేవాళ్ళం. అది చాదస్తం కాదని, పదిహేడేళ్ళప్పుడు చేసిన ఒక దొంగతనం ఆమెను ఇంకా వదల్లేదని, తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ ఏడు ఆకురాలే కాలంలో గ్వెర్విల్ తండ్రి బొగ్గుగనిలో పోయాడు. అప్పటికి తల్లి మాబ్లి కడుపుతో ఉంది. చలి ముదిరాక మగపిల్లవాడు పుట్టాడు. టెయ్‌లో అని పేరు పెట్టుకున్నారు. మంచు కరుగుతుండగా కోరింతదగ్గు వచ్చి వాడూ పోయాడు. మాబ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఇరుగుపొరుగులు గొర్రెమాంసం, కాడ ఉల్లి వేసిన పులుసు తెచ్చిపెడితే అది గిన్నెలోనే పేరుకుపోయేది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్ళయ్యాయి, జ్వరం పట్టుకుంది. కూతురు నుదుటి మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి ఎవరిదో కూడా చూసేది కాదు.

గొర్రెలు మనుషుల చావుల కోసం ఆగవు కదా. గ్వెర్విల్ దొడ్లో కూర్చుని చచ్చిన పిల్ల తోలు ఒలిచి ఒక అనాథపిల్లకు తొడిగింది. గొర్రె వాసన చూసింది, తోక కదిలించింది, పాలిచ్చింది. గ్వెర్విల్ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. లోపల చిలక్కొయ్యకు టెయ్‌లో చొక్కా వేలాడుతోంది. ఉతకలేదు. తల్లి ఉతకనివ్వలేదు.

మర్నాడు పిండిమర దగ్గర ఇథెల్‌ను పట్టుకుంది. వాడు మరవాడి కొడుకు, ఫిడేలు వాయిస్తాడు, పనంటే మాత్రం ఒళ్ళు బరువు.

"మా అమ్మకో బిడ్డను తేవాలి రా" అంది.

"ఎక్కణ్ణుంచి తెస్తావే, సంతలో అమ్ముతున్నారా?"

"నల్లమడుగు కింద ఉన్నారుగా."

ఇథెల్ ఫిడేలు కమాను కిందికి దించాడు. కొండ మీద మడుగు కింద ఉండేవాళ్ళ అసలు పేరు మేం పలకం. 'తల్లుల దీవెన' అంటాం. పేరు పెట్టి పిలిస్తే కోపమొస్తుందని మంచి చేసుకునే మాట అది. మాటకేం గానీ, ఉయ్యాలల్లో బిడ్డల్ని ఎత్తుకుపోతారని వాళ్ళంటే హడలు. ఇనుము వాళ్ళకు సరిపడదు కాబట్టి, పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఉయ్యాల మీద పొయ్యి పట్టకారు అడ్డంగా పెడతాం.

"వాళ్ళు మనవాళ్ళని ఎంతమందిని ఎత్తుకుపోయారు? మనం ఒక్కణ్ణి తెస్తే తప్పా?" అంది గ్వెర్విల్.

"ఎత్తుకుపోయారంటున్నావ్, నీకు తెలిసినవాళ్ళు ఒక్కరున్నారా?"

"మా అవ్వ చెప్పింది."

"మీ అవ్వ మా తాత మంచివాడని కూడా చెప్పింది."

అంటూనే ఆలోచనలో పడ్డాడు. "నాకేంటి మరి?"

"ఏం కావాలి?"

"వాళ్ళు తాగే వెండిగిన్నె ఒక్కటి. జన్మంతా పిండి దులుపుకుంటూ బతకలేను."

మే నెల మొదటి రోజున మడుగు ఒడ్డున బండరాయిలో తలుపు తెరుచుకునేది. పొద్దుగూకేదాకా ఎవరైనా లోపలికి పోవచ్చు, తోటలో తిరగొచ్చు, పెట్టింది తినొచ్చు. రెండే షరతులు. ఇనుము బయట వదలాలి, వచ్చేటప్పుడు ఏదీ తేకూడదు. తరతరాలుగా మా లోయ ఆ మర్యాద తప్పలేదు. భయం కొంత, మంచితనం కొంత.

తెచ్చినా దక్కదని కూడా అందరికీ తెలుసు. అక్కడి వస్తువు గడప దాటితే ఎండుటాకైపోతుంది. నిలవాలంటే దానికి ఇనుము తగలాలి. ఆ ఇనుమును లోపలికి చేర్చడమెలాగన్నదే అసలు చిక్కు. గ్వెర్విల్ కడగని ఉన్ని ఒక మూట కట్టింది. మధ్యలో టెయ్‌లో చొక్కా పెట్టి, ఆ చొక్కాలో తాడుకు గుచ్చిన లాడపు మేకు దాచింది. ఉన్ని జిడ్డులో మునిగిన ఇనుము వాసన పైకి రాదు. అడిగితే కానుక అని చెప్పొచ్చు. ఇథెల్ ఫిడేలంతా కొయ్య, పేగు తీగలు. దానికి అడ్డు లేదు.

మే ఒకటిన ఎండ బాగా కాసింది. రాతి తలుపు దగ్గర ఒక ముసలాయన వెదురుబుట్ట లాంటి గడ్డిబుట్ట పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. ఇథెల్ జోళ్ళకున్న ఇనప కట్లు విప్పి అందులో వేశాడు. గ్వెర్విల్ బొచ్చు కత్తెర వేసింది. ముసలాయన ఉన్ని మూట మీద చెయ్యి వేసి, జిడ్డు అంటిన వేళ్ళు చూసుకుని, "మంచి గొర్రెలమ్మా మీవి" అన్నాడు. అంతే. గ్వెర్విల్‌కు గుండె కొట్టుకున్నది భయంతో కాదు, సిగ్గుతో. ఆ సిగ్గును అప్పుడే నమ్ముకుని వెనక్కి తిరిగి ఉంటే ఈ కథే లేదు.

లోపల ఇథెల్ ఫిడేలు ఎత్తుకోగానే అందరూ వాడి చుట్టూ చేరి ఆడడం మొదలుపెట్టారు. తోట ఖాళీ అయ్యాక ఏదో ఒక ఉయ్యాల వెతుక్కోవాలన్నది గ్వెర్విల్ ఎత్తు. వెతకనే అక్కర్లేకపోయింది. ఆపిల్ చెట్టు కింద ఒకామె బిడ్డకు పాలిచ్చి భుజాన వేసుకుని ఉంది. ఆకుపచ్చ పావడా, అంచు తడి. గ్వెర్విల్‌ను చూసి తన రొట్టె సగం తుంచి పెట్టింది.

"చిక్కిపోయావేంటి తల్లీ. ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అంది.

"అమ్మకి" అంది గ్వెర్విల్. ఆ ఒక్కటీ నిజమే చెప్పింది.

"అయ్యో. తిను, తిను." ఆమె పాదాలు పాటకు ఊగుతున్నాయి. "ఎన్నాళ్ళయిందో ఆడి. కాస్త వీణ్ణి ఎత్తుకుంటావా? ఒక్క చుట్టు వేసి వచ్చేస్తా. నీవి బిడ్డల్ని మోసిన చేతుల్లా ఉన్నాయి."

ఇచ్చేసింది. తానే ఇచ్చేసింది. గ్వెర్విల్ చేతులు బిడ్డను మోసిన చేతులే. ఆ మాట వినగానే కళ్ళు నిండాయి, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. మూట విప్పడం, చొక్కా తొడగడం, మేకు మెడలో వెయ్యడం. మేకు తగలగానే బిడ్డ ఒక్కసారి కెవ్వుమన్నాడు. ఆ కేకకు నాట్యంలోంచి తల్లి తల తిప్పేసరికి గ్వెర్విల్ గడప దాటింది. ఇథెల్ వెనకే దూకాడు. పాట సగంలో తెగింది. తలుపుండాల్సిన చోట ఉత్త బండ ఉంది.

ఇథెల్ చొక్కాలోంచి వెండిగిన్నె తీశాడు. మేకు బిడ్డ మెడలోనే ఉండిపోయింది, గిన్నెకు తాకించే వ్యవధి చిక్కలేదు. అరచేతిలో ఒక ఎండుటాకు ఉంది. "నా బతుకింతే" అని నవ్వబోయి, గ్వెర్విల్ మొహం చూసి మానుకున్నాడు. కొన్నాళ్ళకు ఓడరేవుకు పోయి ఓడెక్కాడు. ఫిడేలు పిండిమరలో ఎలకల పాలైంది.

మాబ్లి పడుకున్న చోటే బిడ్డను పక్కన పెట్టింది గ్వెర్విల్. "నాన్నకు దూరపు చుట్టాలట, గని ఊళ్ళో. తల్లి పురిట్లోనే పోయిందట" అంది. మాబ్లి చొక్కాలో మొహం పెట్టి చాలాసేపు వాసన చూసింది. తర్వాత లేచి కూర్చుని రవిక ముడి విప్పింది. ఆ సాయంత్రం పులుసు తాగింది. వారానికి వాకిట్లోకి వచ్చింది. వీడికీ టెయ్‌లో అనే పేరు పెట్టింది. గ్వెర్విల్ కసవు ఊడుస్తూ పాడుకుంది. తన తల్లి బతికింది, ఇక ఎవరేమైతేనేం అనుకుంది.

బిడ్డను తెచ్చిన మరుసటి సాయంత్రమే దొడ్డిగోడ అవతల గొంతు వినిపించింది. పాలు మరిపించడానికి పిల్లలను వేరే దొడ్లో కట్టేసిన రోజు గొర్రెలు అరుస్తాయే, ఆ అరుపు. ఇంటి గుమ్మానికి లాడం కొట్టి ఉంది, ఉయ్యాల మీద పట్టకారు ఉంది, బిడ్డ మెడలో మేకు ఉంది. మా బిడ్డలను వాళ్ళనుంచి కాపాడడానికి తాతలు నేర్పిన ఉపాయాలన్నీ ఇప్పుడు వాళ్ళ బిడ్డను వాళ్ళకు దక్కకుండా కాపలా కాస్తున్నాయి. మూడు రోజులు అరిచి ఊరుకుంటుందిలే, ఏ గొర్రెయినా అంతే, అనుకుంది గ్వెర్విల్. నాలుగో రోజూ అరిచింది. చలికాలంలోనూ అరిచింది. ఏడాది తిరిగింది. గొర్రె మరిచిపోతుంది, ఆమె గొర్రె కాదు.

ఆ తర్వాత ఏ మే నెలలోనూ రాతి తలుపు తెరుచుకోలేదు. లోయంతా మండిపడింది. ఎవడో తోటలో పువ్వు కోసుకొచ్చి ఉంటాడని తేల్చారు. "ఆ పువ్వు కోసిన చెయ్యి పడిపోను" అనేది మందిరం మెట్ల మీద కూర్చునే ప్రతి ముసలమ్మా. గ్వెర్విల్ పక్కన నిలబడి తన చెయ్యి చూసుకునేది. చెయ్యి పడిపోలేదు. పడిపోయినా బాగుండుననిపించేది.

పిల్లాడు యవలగింజ రంగు జుట్టుతో, సన్నగా, చురుగ్గా పెరిగాడు. బాప్తిస్మం రోజున ఏడవలేదు. తొట్టెలో నీళ్ళను తెలిసినవాళ్ళను చూసినట్టు చూశాడని పాస్టరు గారు మురిసిపోయారు. కొలిమి వీధిలోకి రమ్మంటే రాడు. కొయ్య గరిటెతో తప్ప తినడు. మేకు కింద మెడ ఎర్రగా కందేది. గ్వెర్విల్ మేకుకు ఉన్ని చుట్టేది. ఉన్ని అరిగిపోయేది, మళ్ళీ చుట్టేది. మాబ్లి రోజూ ఆ మచ్చకు వెన్న రాసేది. ఇదెందుకు కట్టావని కూతుర్ని ఒక్కనాడూ అడగలేదు. వాడికి చొక్కా కుట్టిన ప్రతిసారీ గుండె దగ్గర ఆ మొదటి చొక్కా గుడ్డ ముక్క అతికేది.

"అక్కా, గోడవతల ఆవిడెవరు?" అని ఒకరోజు అడిగాడు.

"ఎవరూ లేరు. పడుకో."

"మరి నా పేరు పిలుస్తుందేం?"

"టెయ్‌లో అంటోందా?"

"అది కాదు. వేరే. నాకు పలకడం రాదు, కానీ నాదే."

గ్వెర్విల్ వాడికి దుప్పటి కప్పి దొడ్లోకి పోయి గొర్రెల మధ్య కూర్చుని ఏడ్చింది. తల్లిని చూస్తే బిడ్డను ఇచ్చెయ్యలేదు. బిడ్డను చూస్తే ఉంచుకోలేదు. మేకు తీస్తే వాడు పోతాడు, వాడు పోతే తల్లి మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి లేవదు. ఇదే లెక్క రోజూ వేసుకుని, రోజూ ముడి బిగించేది.

వాడికి ఏడో ఏడు వచ్చేసరికి మచ్చ పుండైంది. వెన్నకు తగ్గలేదు, మూలికలకు తగ్గలేదు. గొర్రెలు ఈనే రోజుల్లోనే జ్వరం తగులుకుని వాడు మంచం దిగడం మానేశాడు. గోడవతలి గొంతు అరవడం మానేసి మూలుగుతోంది. తెల్లవారాక గ్వెర్విల్ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అమ్మా, వీడు గని ఊరి పిల్లాడు కాదు."

మాబ్లి పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ ఉంది. "తెలుసు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు పక్కలో పెట్టినప్పుడే. గొర్రెకు తెలియదనుకుంటున్నావా నువ్వు? తోలు కప్పితే దాని బిడ్డ లేచొస్తుందా? అన్నీ తెలిసే చేపుతుంది. పొదుగు సలుపు అలాంటిదే అమ్మాయ్."

"ఆ గొంతు..."

"విన్నాను. సాయంత్రం అయ్యేసరికి ఎండుపుల్లలు ఎక్కువెక్కువ వేసేదాన్ని చూడు, ఆ చిటపటల్లో వినపడకుండా ఉంటుందని. నువ్వు దొంగతనం ఒక్కసారి చేశావు. నేను రోజూ చేశాను."

గ్వెర్విల్‌కు తిట్టినా, కొట్టినా తేలిగ్గా ఉండేది. తర్వాత మాబ్లి లేచి, పిల్లాడికి మొహం తుడిచి, జుట్టు దువ్వి, మంచి చొక్కా తొడిగింది. పెళ్ళికి తయారు చేసినట్టు చేసింది. "వాణ్ణి వీపున వేసుకో. నా వల్ల కాదు" అంది.

కొండ మీద మడుగు ఒడ్డున గడ్డికి ఇంకా మంచు తడి ఉంది. మోకాటి లోతు నీళ్ళలో ఆమె నిలబడి ఉంది. అదే ఆకుపచ్చ పావడా. మొహం మాత్రం ఆపిల్ చెట్టు కింద చూసిన మొహం కాదు. దగ్గరికి రాలేదు. మేకు ఉన్నంతసేపు రాలేదు.

మాబ్లి కత్తెర పట్టుకుంది గానీ తాడు దాకా తీసుకెళ్ళలేకపోయింది. గ్వెర్విల్ తీసుకుని కత్తిరించింది. మేకు రాళ్ళ మీద పడింది. పిల్లాడు మెడ తడుముకున్నాడు. తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, నొప్పి లేదని తెలిసి నవ్వాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే నీళ్ళలోకి నడిచాడు. ఆమె వాణ్ణి పొదివి పట్టుకుని, చొక్కా విప్పి, గుండె దగ్గరి ముక్కను వాసన చూసింది. దాన్ని పారెయ్యలేదు. మడతపెట్టి ఒడ్డున రాతి మీద ఉంచింది, మీ బిడ్డది మీరు తీసుకోండి అన్నట్టు. అప్పుడే గ్వెర్విల్ వైపు చూసింది.

"నీ చేతికి నేనే ఇచ్చాను" అంది. ఇంకేమీ అనలేదు.

గ్వెర్విల్ కాళ్ళు పట్టుకుందామని నీళ్ళలోకి దిగింది. ఆమె అప్పటికే బిడ్డ చెయ్యి పట్టుకుని లోతుకు నడుస్తోంది. నడుం లోతుకు వెళ్ళాక నీళ్ళు చల్లగా తగిలాయో, భయమే వేసిందో, వాడు ఆగి, "అమ్మా" అని పిలిచాడు.

"ఇక్కడే ఉన్నా నాన్నా" అని ఇద్దరూ ఒకేసారి పలికారు, నీళ్ళలోంచి ఒకరు, ఒడ్డు నుంచి ఒకరు.

వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. ఎటు చూస్తూ మునిగాడో గ్వెర్విల్‌కు కనబడలేదు, కళ్ళనిండా నీళ్ళే. మాబ్లి చొక్కా తీసుకుని కొండ దిగింది. గోడవైపు తిరగలేదు. ఇంకా చాలా ఏళ్ళు బతికింది, కూతురితో కలిసి గొర్రెలు కాసింది, ఆ పొద్దు మాట మళ్ళీ ఎత్తలేదు. తల్లి చచ్చిపోతుందన్న ఆ లెక్క తప్పని, మొదటి ఏడాదే ఇచ్చేసినా ఆమె బతికేదేమోనని గ్వెర్విల్‌కు అప్పుడు తట్టింది. తట్టాక ఇక నిద్ర ఎక్కడిది?

ఇప్పటికీ మందలో ఏదైనా పిల్ల తల్లి కోసం అరిస్తే, ఒక్కోసారి రెండు గొర్రెలు తలెత్తుతాయి. గ్వెర్విల్ చేతిలో పని కింద పెట్టేస్తుంది. వాన పడుతున్నా సరే, పిల్ల ఎటు పరిగెత్తుతుందో చూసేదాకా అక్కణ్ణుంచి కదలదు.